గడ్డి ఇవ్వరు, ఇటుకల లెక్క తగ్గించరు

ఆదివారం ఆరాధనకు రాని యువకుణ్ణి చూసి "భక్తి తగ్గింది" అని తేలిగ్గా అనేస్తాం. బెంగళూరులో ఒక తెలుగు సంఘపు యువకుడు ఇంటర్నెట్ లైన్లు బాగుచేస్తాడు. జనం ఇళ్లలో ఉండేది ఆదివారమే. ఫిర్యాదులూ ఆ రోజే ఎక్కువ.

అతని ఫోన్‌లో ప్రతి ఉదయం టార్గెట్ వచ్చి పడుతుంది. రౌటర్ మార్చడం పది నిమిషాల పని. రోడ్డు తవ్వకంలో తెగిన కేబుల్ వెదకాలంటే సగం రోజు. యాప్‌కు రెండూ ఒకటే లెక్క. పెట్రోలు తనది, నిచ్చెన మీద ప్రాణం తనది. టార్గెట్ తప్పితే కోత పడేదీ తన జీతంలోనే.

ఒకప్పుడు టెలిఫోన్ లైన్‌మన్‌కు పింఛను ఉండేది. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి సుమారు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణపై వెళ్లారు. పని మాత్రం ఆగలేదు. చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి పోయింది.

నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఫరో గడ్డి ఆపేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. మొరపెట్టిన వాళ్లను సోమరులన్నాడు. ఒక స్టార్ రేటింగ్ నొక్కే మన వేలు, "భక్తి తగ్గింది" అనే మన నోరు ఎవరి పక్షాన ఉన్నాయి?

యువతీ యువకులారా, పనిని బట్టి టార్గెట్, పెట్రోలు ఖర్చు, వారానికొక సెలవు, పీఎఫ్, ఈఎస్‌ఐ అడగండి. ఒంటరిగా కాదు, కలిసి అడగండి. కాపరులారా, వారు రాలేకపోతే మనమే వారి దగ్గరికి వెళ్దాం. విశ్రాంతి దినం కూలివాడికి కూడా దేవుడిచ్చిన హక్కే.