మిత్తి లేని లగ్గం

నాచారం ఫ్యాక్టరీల్లో చెమటోడ్చే మనోళ్ళు బిడ్డ లగ్గం అనంగనే మొదట వెతికేది పిల్లగాన్ని కాదు, అప్పిచ్చేటోన్ని. ఉప్పల్ దిక్కు ఫంక్షన్ హాలు, బరాత్‌కు డీజే, పెట్టుపోతలు. ఒక్క పూట సంబురం, ఏండ్లకేండ్లు మిత్తి.

సాదాసీదాగ చేద్దామని మేమంటే పెద్దమనుషులకు కోపమొస్తున్నది. "మనల్ని గుర్రం ఎక్కనియ్యలే, వాళ్ళ వాకిట్ల చెప్పులేసుకొని నడవనియ్యలే. ఇయ్యాల చేతనైతున్నది, ఎందుకు చెయ్యొద్దు?" అంటున్నారు. ఈ మాటను కొట్టిపారెయ్యలేం. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత యువకుడు తన పెండ్లి ఊరేగింపు కోసం హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. పొదుపు గురించి అగ్రకులాలోళ్ళు చెప్పే నీతులు మాకు గిట్టనిది అందుకే. ఊరేగింపు మన హక్కు, వదులుకొమ్మని మేమంటలేం. మిత్తికి తెచ్చి ఊరేగాల్నా అన్నదే మా పేచీ.

బాబాసాహెబ్ 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో తన ఇంట్లనే రిజిస్టర్ పెండ్లి చేసుకున్నారు. ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజం 1873లోనే పురోహితుడు లేకుండ పెండ్లి జరిపించింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద కావాల్సింది 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. (ఆ నోటీసు గోడకెక్కితే కులాంతర జంటలకు ప్రాణగండం, అది వేరే ముచ్చట.)

బస్తీ కమ్యూనిటీ హాలు, మన డప్పు, అందరికీ ఒకటే బంతి. ఇంతకన్న ఏం గావాలె? సాక్షి సంతకానికి పిలిస్తే మేమొస్తం. కట్నం మాటెత్తిన ఇంటికి మాత్రం రాం.