పసిబిడ్డ ఏడుపు – తల్లి మనసు

ఇషా నమాజు ముగిసి ఇల్లు సద్దుమణిగే వేళకు పసిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి, కాళ్లు కడుపు మీదికి ముడుచుకుంటాయి. ఇంట్లో తలా ఒక మాట అంటారు. నజర్ తగిలిందని ఒకరు, తల్లి తిన్నది పడలేదని ఒకరు, పాలు చాలడం లేదు ఘుట్టీ పట్టమని ఇంకొకరు. అసలే నిద్రలేని బాలింత, ఈ మాటలు విని తన పాలనే అనుమానించసాగుతుంది.

నజర్ నుంచి రక్షించమని అల్లాహ్‌ను వేడుకోవడం మంచిదే. అయితే ప్రతి ఏడుపుకూ అదే కారణం అనుకోరాదు. పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు బిడ్డ గాలి మింగుతుంది. ఇంకా పరిణతి చెందని పేగులకు దానిని బయటికి పంపడం కష్టమవుతుంది. సాధారణంగా ఈ ఏడుపు రెండు వారాల వయసు నుంచి పెరిగి, ఆరు వారాలకు హెచ్చి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. అంటే చిల్లా 40 రోజులు ముగిసే సమయానికే అది ఎక్కువగా ఉంటుందన్నమాట. అది ఆ వయసు లక్షణమే గాని, తల్లి దోషం కాదు.

బిడ్డ గట్టిగా ఏడవకముందే పాలివ్వాలి. చనుమొన మాత్రమే కాక, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలామేరకు బిడ్డ నోటిలోకి వెళ్లాలి. అప్పుడు గాలి తక్కువగా పోతుంది. పాలు తాగాక బిడ్డను భుజాన నిలువుగా ఎత్తుకొని, వీపు మీద మెల్లగా తట్టాలి. కొద్ది నిమిషాల్లో తేన్పు రాకపోయినా కంగారు వద్దు. రెండు పాలపూటల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి, సైకిలు తొక్కించినట్లు కాళ్లు ఆడించవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు దగ్గరుండి కాసేపు బోర్లా వేయవచ్చు. నిద్రకు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఘుట్టీ, ఆముదం, వసకొమ్ము అరగదీసిన రసం పట్టరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా అవసరం లేదు. తేనెలో స్వస్థత ఉందని దివ్యఖుర్ఆన్ తెలిపింది గదా అని కొందరు అడుగుతారు. ఆ మాట సత్యమే. అయితే ఏ ఔషధానికైనా వయసు, మోతాదు ఉంటాయి. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి ఏడాది నిండని బిడ్డ పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబడేలా చేయగలదు. కనుక ఏడాది నిండేవరకు తేనె నాకించరాదు.

పచ్చని వాంతి, మలంలో రక్తం, గట్టిగా ఉబ్బిన కడుపు, పాలు తాగకపోవడం, మందకొడితనం కనిపించినా, మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

అల్ బఖరా అధ్యాయం 233వ ఆయతు పాలిచ్చే తల్లికి తిండి, బట్ట సమకూర్చే బాధ్యతను తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదని ఆదేశించింది. పథ్యం పేరుతో ఆమెను అర్ధాకలితో ఉంచడం, బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఆమెను నిందించడం ఈ ఆదేశానికి తగినవేనా? అర్ధరాత్రి బిడ్డను తండ్రి ఒక గంట భుజాన వేసుకుంటే తల్లికి ఒక గంట నిద్ర దొరుకుతుంది. విసుగు హద్దు మీరితే బిడ్డను క్షేమంగా పడుకోబెట్టి కాసేపు పక్కకు జరగాలి. ఎంత కోపంలోనైనా పసిబిడ్డను కుదపరాదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నమాజును దీర్ఘంగా చేయాలని సంకల్పించి కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కలత చెందుతుందని దానిని కుదించేవారని హదీసు తెలుపుతోంది. ఆ ఏడుపులో ఆయన తల్లి వేదనను విన్నారు. మన ఇళ్లలోనూ బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి వైపు చూసే చూపు అటువంటిదే కావాలి.