విస్తరి మీరే తెచ్చుకోండి!

సెలవు చీటీ నింపడానికి సాఫ్ట్‌వేర్ కావాలా? నేనొకప్పుడు పనిచేసిన ఆఫీసులో ఆ ఫారం మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్‌తో నడిచే ఆఫీసు సైట్‌లో ఉండేది. పక్క సీటాయన దానిమీద నొక్కితే తెరుచుకోలేదు. ఆ ఫారం తెరవడానికి కావలసిన ఇన్ఫోపాత్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఆయన కంప్యూటర్‌లో లేదు. రెండుసార్లు నొక్కి చూసి, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి మేనేజరు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. నిజానికి దీనికి మందు 2007 షేర్‌పాయింట్ సర్వర్‌తోనే వచ్చింది. అందులోని ఇన్ఫోపాత్ ఫారమ్స్ సర్వీసెస్ ఫారాన్ని మామూలు వెబ్ పేజీలా బ్రౌజర్‌లోనే చూపిస్తుంది. కాకపోతే తాళాలు మూడు. సర్వర్ చూసేవాళ్లు ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లు ఆన్ చేయాలి. ఫారం తయారుచేసినవాళ్లు దాన్ని బ్రౌజర్‌లో నింపే వీలుతో పబ్లిష్ చేయాలి. ఫారాలుండే షేర్‌పాయింట్ లైబ్రరీ చూసేవాళ్లు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో బ్రౌజర్‌లోనే తెరవమని చెప్పాలి. ముగ్గురిలో ఒక్కరు మరిచినా కథ మొదటికే! తయారుచేసినాయన కంప్యూటర్‌లో ఇన్ఫోపాత్ ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం ఫారం చక్కగా తెరుచుకుంటుంది, అందుకే తప్పు ఆయనకు కనపడదు. భోజనానికి పిలిచి విస్తరి మీరే తెచ్చుకోండి అనడం ఏం మర్యాద? ఇన్ఫోపాత్ 2013తోనే ఆగిపోయింది, దాని సపోర్ట్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టిన గడువు 2026 జులై 14. దాని స్థానంలో ఏది తెచ్చుకున్నా సరే, నాదొకటే షరతు: ఏమీ ఇన్‌స్టాల్ చేయని కంప్యూటర్‌లో తెరిచి, నింపి, పంపి చూశాకే ఫారాన్ని జనం మీదకు వదలాలి. తాళాలు తీయాల్సింది ఇంటివాళ్లు, గుమ్మంలో నిలబడ్డ అతిథి కాదు.