గుప్పెడు వెనక్కి

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వారాంతం అమెరికాలో ఇక్కడి మన ఇండియన్ స్టోరు ముందు నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. తలుపులు తీయకముందే వరస రోడ్డుదాకా వచ్చింది. సోనామసూరి బస్తా మనిషికి ఒక్కటే అన్నారు. భార్యాభర్తలు విడివిడిగా నిలబడ్డారు. ఇస్తారో ఇవ్వరోనని చంటిపిల్లలతో సహా వచ్చినవాళ్ళున్నారు. నాకు ఒక బస్తా దొరికింది. ఇంటికి తెచ్చి గ్యారేజీలో దించుతుంటే అక్కడ అప్పటికే రెండు బస్తాలు కనిపించాయి.

ఆ రాత్రి ఫోనులో అమ్మకి ఈ సంగతంతా చెప్పాను. విని ఒకే మాట అడిగింది. "ఉన్న బియ్యం ఎన్నాళ్ళొస్తాయో కొలుచుకున్నావా?"

కొలుచుకోలేదు. ఇన్నేళ్ళ సంసారంలో మా ఇంటికి నెలకి ఎన్ని బియ్యం పడతాయో నాకు తెలియదు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు, బస్తాలు మళ్ళీ గుట్టలుగా వచ్చాయి, అందరం మరిచిపోయాం. అమ్మ అడిగిన మాట మాత్రం నన్ను వదల్లేదు. ఈ సంచికను ఇంటి వంటకి, ఇంటి ఖర్చుకి కేటాయించడానికి కారణం అదే.

మాది కృష్ణా జిల్లా కృత్తివెన్ను. బందరు నుంచి పెడన మీదుగా నరసాపురం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. కొల్లేటి నీళ్ళు ఉప్పుటేరుగా వచ్చి సముద్రంలో కలిసేది ఆ దాపులనే. కృష్ణ కాలవలకి అది చిట్టచివర. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది, తరవాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళు ఎగువ ఊళ్ళన్నిటి పొలాలూ తడిపి, మిగిలితే మాకు. శివారు అంటారు. శివారులో పుట్టినవాళ్ళకి పొదుపు ఒకరు నేర్పక్కర్లేదు. బావి తవ్వితే ఉప్పునీళ్ళు. వేసవికి కాలవలు కట్టేసేముందు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ కాలవలు వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్ళు. బిందె నీళ్ళు ఎంత బరువో నడుముకి తెలిసినవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యరు.

మా అమ్మమ్మ బియ్యం డబ్బాలో ఇత్తడి సోల ఒకటి ఉండేది. పూటకి ఎంతమందో లెక్కచూసుకుని ఆ సోలతో కొలిచి చేటలో పోసేది. చెరిగేది. వీధరుగు మీద వెలుతుర్లో కూర్చుని రాళ్ళూ మెరిగలూ ఏరేది. కడగబోయేముందు చేటలోంచి ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. రెండు పూటలా, ఏడాది పొడుగునా, తప్పకుండా. అలా గుప్పెడు తీసినందుకు ఏనాడూ ఎవరికీ ఒక ముద్ద తక్కువైనట్టు అనిపించలేదు. నెలాఖరుకి ఆ కుండలో రెండు కిలోలకి పైనే ఉండేవి. వేళకాని వేళ చుట్టం దిగితే అమ్మమ్మ ఆ కుండ మూత తీసేది. అప్పు అడగడానికి పక్కింటికి వెళ్ళేది కాదు, వచ్చినవాళ్ళ ముందు నీళ్ళు నమిలేది కాదు. పొదుపంటే పిసినారితనం అనుకునేవాళ్ళకి ఆ కుండ చూపించాలనిపిస్తుంది నాకు. అది అతిథి కోసం దాచిన బియ్యం.

ఆ తరవాత జరిగేది కూడా చెప్పాలి. కడిగిన నీళ్ళు పెరట్లో కుడితి గోలెంలోకి. కూరగాయల తొక్కలు, గిన్నెల అడుగున మిగిలినది, పిడికెడు తవుడు, అన్నీ ఆ గోలెంలోకే. సాయంత్రం గేదె ఆ కుడితి తాగేది, పొద్దున్న పాలిచ్చేది. అన్నం ఉడికాక వార్చిన గంజిలో ఉప్పుగల్లు వేసి పిల్లలకి తలా ఒక గ్లాసు. కొంత గంజి నేతచీరలకి. కొంత తరవాణి కుండలోకి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారికి చద్ది, పక్కన ఉల్లిపాయా పచ్చిమిరపకాయా. ఉలవచారు కథ కూడా ఇదే కదా. ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టేవారు, గింజ ఎడ్లకి, వార్చిన కట్టు ఇంటికి. ఇవాళ హోటళ్ళలో మీగడ వేసి గొప్పగా వడ్డిస్తున్న ఆ చారు పశువుల పాకలో పుట్టింది.

గంజి వార్చకుండా, సరిగ్గా ఇమిరేటన్ని నీళ్ళే పోసి వండడాన్ని అత్తెసరు అంటారు. ఇప్పుడు మనం ఆ మాటని పరీక్షలో గట్టెక్కిన మార్కులకి మాత్రమే వాడుతున్నాం, అదీ చులకనగా. ఎంత అన్యాయం! కట్టెల పొయ్యి మీద, కొత్తబియ్యానికీ పాతబియ్యానికీ తేడా చూసుకుని, అడుగంటకుండా, చిమిడిపోకుండా అత్తెసరు పెట్టడం ఎంత పనితనమో వండి చూసినవాళ్ళకి తెలుస్తుంది.

వంటింట్లోనే కాదు, ఆ లెక్క పొలంలోనూ ఉంది. గుడివాడ, దివిసీమ వైపు వరి కోతకి కొద్ది రోజుల ముందే చేలో మినుములు, పెసలు చల్లేస్తారు. దుక్కి లేదు, వేరే తడి లేదు. కోత అయ్యాక మడిలో మిగిలిన చెమ్మతోనే పైరు లేచి కాపుకొస్తుంది. మన ఇడ్లీలోని పప్పుకి వరి తాగి వదిలిన తేమే ఆధారం.

ఇదంతా పచ్చగా ఉన్న రోజుల మాట అనుకోకండి. గింజలు లేని రోజులూ ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన గురించి అమ్మమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు. తడిసి మొలకెత్తిన వడ్ల వాసన గురించి మాత్రం చెప్పేది. తరవాత 1983లో, మా జిల్లా నిమ్మకూరులోనే పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు. చౌకడిపో ముందు సంచులు పట్టుకుని నిలబడ్డ వరస నాకు గుర్తుంది. కోటా బియ్యం లావు, నూకలెక్కువ, రాళ్ళూ ఉండేవి. అమ్మ వాటిని జల్లెడ పట్టి మూడుగా విడదీసేది. నిండుగింజ అన్నానికి. కొన్ని నానబోసి దోసెలకి, కోటా బియ్యపు దోసె కరకరలాడినట్టు ఇంకేదీ కరకరలాడదు. నూకలు పెసరపప్పుతో ఉప్పుడుపిండికి. ప్రభుత్వం ఇచ్చింది ఒక రకం బియ్యమే, మా వంటింట్లో అవి మూడు రకాలయ్యాయి.

ఇక కూర. మా వైపు పేదింటి కూరకి పేరు రొయ్యపొట్టు. గోరంత కూడా లేని చిన్నరొయ్యల్ని ఇసకలో ఎండబెట్టి గంపల్లో ఊళ్ళమ్మట తెచ్చి అమ్మేవారు. వడ్లిచ్చినా పుచ్చుకునేవారు. అమ్మ దాన్ని బాగుచేసే తీరు చూస్తూ కూర్చునేదాన్ని. ముందు చేటలో పోసి కొడితే ఇసక, మీసాలు ఒక పక్కకి వచ్చేవి. తరవాత నూనె లేకుండా మూకుట్లో సన్నసెగ మీద వేయించాలి. పచ్చివాసన పోయి, వేళ్ళ మధ్య నలిపితే పొడయ్యేదాకా. చల్లారాక రెండుసార్లు నీళ్ళలో జాడించాలి, ఎక్కువసేపు నానితే రుచి నీళ్ళపాలు. అప్పుడు ఉల్లిపాయ వేగాక వేసి, పైన దోసకాయ ముక్కలో వంకాయలో. దోసకాయ ఊరిన నీళ్ళలోనే మొత్తం ఉడకాలి, చెంబు నీళ్ళు పోస్తే కూర చెడినట్టే. ఇద్దరు తినే దోసకాయ కూర ఒక గుప్పెడు రొయ్యపొట్టు పడితే ఆరుగురికి సరిపోయేది. ఎందుకంటే ముక్క కొద్దిగా కలుపుకున్నా ముద్దంతా రుచొచ్చేది. చింతచిగురు కాలంలో చింతచిగురుతో, గోంగూర ఉన్నప్పుడు గోంగూరతో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ తీరంలో చాలా ఇళ్ళకి ఎండుచేపే దిక్కు.

పెద్దరొయ్య మా నోటిదాకా వచ్చేది కాదు. చెరువుల మీద పండినది చెరువుల మీంచే ఐసు లారీల్లో వెళ్ళిపోయేది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక ఆ సాగు ఇంకా పెరిగింది. ఇవాళ అమెరికా కొనే రొయ్యల్లో భారతదేశానిదే పెద్ద వాటా, అందులో ఆంధ్రప్రదేశ్ ముందుంది. ఇక్కడ సూపర్ మార్కెట్లో చల్లటి సంచీ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా వెనకవైపు దేశం పేరు చూస్తాను. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా వాళ్ళ చెరువుల దగ్గర ధర పడింది, ఇక్కడ మన బిల్లు పెరిగింది. రెండు వైపులా ఇంటి ఖర్చు లెక్క మారింది. రొయ్య అమ్మకానికి, రొయ్యపొట్టు ఇంటికి అన్నది మాకు పాత సంగతే.

ఒక విషయం దాచకుండా రాయాలి. మా ఇంట్లో పొదుపు లెక్క సరిపోవడానికి కారణాలలో అమ్మమ్మ కంచం కూడా ఒకటి. అందరి భోజనాలయ్యాక ఆవిడ గిన్నెలు ముందేసుకునేది. కూర అయిపోయి ఉంటే మజ్జిగన్నంలో మాగాయ పెంకె. "నాకిదే ఇష్టం" అనేది. నమ్మేవాళ్ళం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆఖరున తిని, తక్కువ తిని మిగిల్చినదాన్ని కూడా మనం పొదుపు ఖాతాలోనే రాసుకున్నాం. ఆ ముక్క నేను నా కూతురికి నేర్పను. గుప్పెడు బియ్యం కొలతలోంచి తియ్యాలి, ఒక మనిషి కంచంలోంచి కాదు. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తరవాత మన పల్లెల్లో ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పెట్టుకున్నప్పుడు, గూట్లో కుండ మొదటిసారి వాళ్ళ పేరు మీద బ్యాంకు పుస్తకమైంది. అది నాకు చాలా పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

ఇక్కడికి వచ్చేటప్పుడు నా పెట్టెలో మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' ఉంది. ఆవిడా అప్పటి మా కృష్ణా జిల్లా నూజివీడు ఆడపడుచే. ఆ పుస్తకం చూసి నేను వండని వంట లేదు. కానీ సోమవారం పప్పు మంగళవారం పప్పుచారు కావడం, బుధవారం నాటి దోసెల పిండి పులిసి శుక్రవారం పునుగులు కావడం ఇంట్లో చూస్తేనే వస్తుంది. ఆ వరస నేను మరిచిపోయాను. నా సింకు కింద ఒక మీట ఉంది, నొక్కితే మిగిలినదంతా రుబ్బి కాలవలో కలిపేస్తుంది. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆ చప్పుడు విని పక్కగదిలోంచి లేచొచ్చింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి గిన్నెలు తనే ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళల్లోంచి వచ్చిందే. దూరం ఎందుకు, మన సంఘం కిందటి ఉగాది భోజనాల తరవాత హాలు వెనక చెత్తడబ్బాల్లోకి పులిహోర ట్రేలు వంచినవాళ్ళలో నేనొకరిని. వస్తామని పేరిచ్చి రానివాళ్ళు కొందరు, లెక్కకి మించి ఆర్డరిచ్చిన మేము. ఆ సాయంత్రమే అదే హాలుకి రెండు మైళ్ళలో, యూనివర్సిటీ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో నలుగురు తెలుగు పిల్లలు నూడుల్స్ వండుకుని తిన్నారని తరవాత తెలిసింది. చదువు సాగుతున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యడానికి వాళ్ళకి వీల్లేదు. ఆ డబ్బుల్లోనే అద్దె, ఫోను, తిండి. వాళ్ళకి మనం ఫోను చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. ఆ తప్పు మా కార్యవర్గానిది.

అందుకే ఈ ఏడాది మూడు పనులు అనుకున్నాం, మీ సాయం కావాలి. మీ అమ్మ, అత్తగారు, నాయనమ్మ నెలజీతంలో ఇల్లు నడిపిన తీరు, వాళ్ళ వంటల వరస రాసి పంపండి. జమాఖర్చుల పాత నోటుపుస్తకం పేజీ ఒక్కటి దొరికినా ఫొటో తీసి పంపండి, వచ్చే సంచికలన్నిటిలో వేస్తాం. రెండోది, సంఘం ఆఫీసులో ఒక బియ్యం డబ్బా పెడుతున్నాం. ఇంట్లో వండుకునేటప్పుడల్లా ఒక గుప్పెడు పక్కన పెట్టి, నెలాఖరు శనివారం తెచ్చి అందులో పొయ్యండి. విద్యార్థులు ఎవరైనా వచ్చి తీసుకెళ్ళవచ్చు, పేరు అడగం, పద్దు రాయం.

మూడోది ఉగాది భోజనాల గురించి. ఎంతమంది వస్తారో సరిగ్గా అంతే రాసివ్వండి. వచ్చేటప్పుడు మూతున్న ఖాళీ డబ్బా ఒకటి తెచ్చుకోండి.