గడ్డి చేలో బూడిద - గొడ్డు దొడ్లో పస్తు

తెనాలి: డెల్టాలో వరికోత యంత్రాలు వచ్చాక గడ్డివాములు తగ్గాయి. యంత్రం కోసిన గడ్డి చేలో చెల్లాచెదరుగా పడుతోంది. పోగుచేయించే కూలి గిట్టక, మొక్కజొన్న విత్తే తొందరలో కొందరు రైతులు నిప్పు పెడుతున్నారు. వేసవికి వారే గడ్డి కొనుక్కోవలసి వస్తోంది. భూమి లేని పాడివారి కష్టం చెప్పనక్కరలేదు.

ఉత్త గడ్డితో కడుపు నిండుతుంది గాని పాలు పెరగవు. అందులో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్ళకు మించవు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, 100 కిలోల గడ్డిపై పొరలుగా చల్లి, తొక్కి, పట్టా కప్పి మూడు వారాలుంచితే అవి దాదాపు రెట్టింపవుతాయి. ఘాటు పోయేలా ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు.

గడ్డికట్టలు కట్టే యంత్రాలను సహకార సంఘాల ద్వారా తక్కువ అద్దెకు ఇప్పిస్తే రైతు అగ్గిపెట్టె తీయడు.