మందు అంటే ఏ మందు?

తెలుగులో 'మందు' అనే మాటకి ఉన్నంత డ్యూటీ ఇంకే మాటకీ లేదనుకుంటా. జ్వరానికి వేసుకునేది మందు. మా ముక్త్యాల చుట్టుపక్కల మిరప చేలల్లో కొట్టేది మందు. క్వారీలో రాయి పేల్చడానికి పెట్టేది మందు. చీకటి పడ్డాక కొంతమంది పెద్దమనుషులు జగ్గయ్యపేట వెళ్లి తెచ్చుకునేదీ మందే. ఈ మధ్య దీనికి జిమ్ములో ఇంకో అర్థం కలిసింది. "వాడిది ఒరిజినల్ బాడీ కాదులేరా, మందు బాడీ" అంటారు. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, అసూయా అంతే. భయం మాత్రం ఉండదు. ఎందుకుంటుంది? మందు అంటే మేలు చేసేదనే కదా చిన్నప్పటి నుంచి విన్నది.

ఆటల్లో డోపింగ్ గురించి మనం వాడే మాటలు అసలు విషయాన్ని చెప్పట్లేదని నా కంప్లయింట్. కొన్ని మాటలు దాన్ని దాచేస్తున్నాయి, కొన్ని మనిషి మీద ముద్ర వేసి వెళ్లిపోతున్నాయి. మధ్యలో నిజంగా తెలియాల్సిన కుర్రాడికి ఏమీ తెలియట్లేదు.

ముందు పేపర్ల సంగతి చూద్దాం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. 'ఉత్ప్రేరకం' అనే మాట నాకు మొదట తగిలింది తెలుగు పేపర్ స్పోర్ట్స్ పేజీలోనే. "నిషేధిత ఉత్ప్రేరకాలు వాడినట్లు తేలడంతో..." అని ఉంటుంది. ఏదో భయంకరమైన పదార్థం అనుకున్నా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మా రూమ్మేట్ విని ఒకటే నవ్వు. "అది కేటలిస్ట్ రా!" అన్నాడు. అంటే కెమిస్ట్రీలో రియాక్షన్ వేగాన్ని మార్చి, తను మాత్రం ఖర్చవకుండా మిగిలేది. స్టెరాయిడ్ అలా ఏమీ మిగలదు. లివర్‌నీ, గుండెనీ, హార్మోన్లనీ కదిలించి పోతుంది. ఒక సూదికి పెట్టాల్సిన పేరా ఇది? వినడానికి గంభీరంగా ఉంది, అంతే. అది చదివి ఏ కబడ్డీ ప్లేయరూ తన బ్యాగులో ఉన్న డబ్బా గురించి అనుకోడు.

టీవీ స్క్రోలింగులకి ఈ మాట పొడుగైపోయిందేమో, 'డ్రగ్స్' అని కొట్టేస్తారు. మా నాయనమ్మకి డ్రగ్స్ అంటే గంజాయి. "అయ్యో, ఆ పిల్ల గంజాయి తాగిందా?" అంటుంది. ఇక 'డోపీ' అనే మాట ఉంది చూశారూ, దాన్ని ఏ డెస్కులో పుట్టించారోగానీ తిరుగులేదు. నేరం చేసినవాడికి కూడా కోర్టు తేల్చేదాకా 'నిందితుడు' అనే మర్యాద ఉంది. ఇక్కడ ఎ శాంపిల్ రిపోర్టు రాగానే డోపీ. బి శాంపిల్ తెరవకముందే డోపీ. ఆ తర్వాత బయటపడ్డా హెడ్డింగ్ మాత్రం గూగుల్లో అలాగే ఉంటుంది.

మన ఇంజినీరింగ్ వాళ్లకి ఇంకో తమాషా. ఫస్టియర్ ఫిజిక్సులో డోపింగ్ మంచి పని. సిలికాన్‌లో కాస్త బోరానో ఫాస్ఫరసో కలపకపోతే ఈ పత్రిక చదువుతున్న మీ ఫోనే లేదు. అసలు 'డోప్' అనే మాట డచ్ వాళ్ల 'డూప్' నుంచి వచ్చిందంటారు. అంటే ముంచుకుని తినే చిక్కటి సాస్, మన లెక్కలో పులుసు. తర్వాత అమెరికాలో పందెం గుర్రాలకి పట్టే మందుకి ఆ పేరు అంటుకుంది. గుర్రం నుంచి మనిషికి వచ్చింది.

ఈ మాటల్లో నాకు బాగా కోపం తెప్పించేది వేరే ఉంది. అవి అందరికీ ఒకేలా పడవు.

2019 జులైలో పృథ్వీ షాని బీసీసీఐ ఎనిమిది నెలలు సస్పెండ్ చేసింది. దొరికింది టెర్బుటలైన్. అప్పుడు దేశమంతా మాట్లాడింది ఏ మాటతో? దగ్గు మందు. "పాపం, దగ్గు మందు తాగాడు." అంతకుముందు యూసుఫ్ పఠాన్‌దీ అదే పదార్థం, అదే జాలి. అదే వెయిట్‌లిఫ్టర్ అయితే దగ్గు మందు ఉండదు, జాలీ ఉండదు. 2000 సిడ్నీలో మన ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఊరూరా బ్యానర్లే. నాలుగేళ్లకి ఏథెన్స్‌లో ఇద్దరు భారత లిఫ్టర్లు డోప్ పరీక్షలో దొరికారు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచిన మన రాష్ట్రపు శైలజా పూజారికి, 2010లో రెండోసారి దొరకడంతో జీవితకాల నిషేధం పడింది. ఇక ఆ ఆటకే పేరు పోయింది. ఇప్పటికీ ఏ అమ్మాయి బార్‌బెల్ ఎత్తినా వెనక నుంచి ఎవడో ఒకడు "ఏం వాడుతోందో" అంటాడు.

రెండూ ఒకటే అని నేననట్లేదు. టెర్బుటలైన్ ఆస్తమా మందు. కండలు పెంచే స్టెరాయిడ్‌ని ఏ డాక్టరూ దగ్గుకి రాయడు. రూల్స్ కూడా వాటిని వేరువేరుగా చూస్తాయి, శిక్షలు వేరు. నా గొడవ శిక్ష గురించి కాదు. క్రికెటర్ వార్తలో పదార్థం పేరు ఉంది, ఎలా ఒంట్లోకి వెళ్లిందో ఉంది, అతను ఏం చెప్పాడో ఉంది. లిఫ్టర్ వార్తలో చాలాసార్లు పేరు, ఊరు, 'పట్టుబడింది' అనే క్రియ. పట్టుబడేది దొంగ కదా.

నిజానికి ప్రపంచ సంస్థ వాడా రూలు 'మోసం' అని ఎక్కడా మొదలుపెట్టదు. నీ ఒంట్లో నిషేధిత పదార్థం కనబడితే తప్పు జరిగినట్టే, కావాలని వేసుకున్నావా అన్నది తర్వాతి ప్రశ్న అంటుంది. ఆ తర్వాతి ప్రశ్న మీదే నిషేధం నాలుగేళ్లా, రెండేళ్లా, ఇంకా తక్కువా అన్నది తేలుతుంది. అంటే మోసం చేసినవాడూ ఉండొచ్చు, ఏం మింగుతున్నాడో తెలియనివాడూ ఉండొచ్చు. మన తెలుగులో ఈ ఇద్దరికీ ఒకటే మాట.

రెండోవాడి గురించే నా బాధంతా. మా వైపు ఒంట్లో నీరసంగా ఉంటే ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి "ఓ సెలైన్ పెట్టండి డాక్టరు గారూ" అంటారు. గ్లూకోజ్ ఎక్కించుకోవడం అంటే మనకి మందు కూడా కాదు, ఇంచుమించు కొబ్బరి నీళ్లతో సమానం. కానీ వాడా జాబితా ప్రకారం, ఆస్పత్రి వైద్యంలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి సిరలోకి ఎక్కించుకుంటే అది నిషేధిత పద్ధతి. లోపల ఏముందన్నది కాదు, అంత ఎక్కించుకోవడమే తప్పు. అమెరికా స్విమ్మర్ ర్యాన్ లోక్టే 2018లో 14 నెలలు ఆటకి దూరమైంది ఇందుకే. ఎక్కించుకుంటూ తనే ఫోటో పోస్ట్ చేసుకున్నాడు! ఇక మన సెలైన్ సీసా చిన్నదేం కాదు, 500 మిల్లీలీటర్లు. టోర్నీ ముందు రోజు నీరసమని సెలైన్ పెట్టించుకున్న మా ఊరి రైడర్‌కి 'ఉత్ప్రేరకం' అనే మాట ఏం చెబుతుంది? 'డోపీ' అనే మాట ఏం చెబుతుంది?

ఊరి టోర్నీలో ఎవరూ టెస్టు చేయరు, నిజమే. కానీ అక్కడ కూత పెట్టినవాడే రేపు యూనివర్సిటీ మీట్‌కి వెళ్తాడు. 2023లో మన దేశంలో తీసిన 5,606 నమూనాల్లో 3.8 శాతం పాజిటివ్ వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌కి నాడా వాళ్లు వచ్చారని తెలియగానే ఎంతమంది మాయమయ్యారంటే, వంద మీటర్ల ఫైనల్లో పరిగెత్తింది ఒక్కడే. స్టేడియం టాయిలెట్లలో సిరంజిలు. వాళ్లకి మాత్రం ఏం వాడుతున్నారో బాగానే తెలుసన్నమాట.

మా వైపు ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర మాట తీరు వేరుగా ఉంటుంది. ఒంగోలు జత బరిలోకి వస్తుంటే పక్కనున్నవాళ్లు "ఏం పెడుతున్నావు బాబాయ్?" అని అడుగుతారు. ఉలవలు ఎన్ని, పత్తి గింజలు ఎన్ని, ఏ పూట ఏం పట్టాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ లెక్క. అడిగేవాడికి సిగ్గు లేదు, చెప్పేవాడు తప్పుకోడు. అదే జిమ్ములో కండలు తిరిగిన అన్నని "ఏం వాడుతున్నావన్నా?" అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు, లేదా "ప్రొటీన్ రా" అంటాడు. ఎద్దు గురించి ఉన్నంత సూటి భాష మన ఒంటి గురించి లేదు.

అందుకే వచ్చే సంక్రాంతి కబడ్డీకి కోర్టు పక్కన ఒక ఫ్లెక్సీ పెడదామని కమిటీలో ఉన్న ఒక అన్నని అడిగాను. "తెలుగులో రాసివ్వరా తమ్ముడూ, కొట్టించే పూచీ నాది. కానీ మా అమ్మకి కూడా అర్థమవ్వాలి" అన్నాడు. మొదటి లైను దగ్గరే రెండు రోజులు పోయాయి. ఉత్ప్రేరకం వద్దు, డ్రగ్స్ వద్దు, ఒట్టి మందు అంటే సాయంత్రం మందు అనుకుంటారు. ప్రస్తుతానికి "ఆట కోసం ఒంట్లోకి ఎక్కించుకునే సూదులు, బిళ్లలు, పొడులు, సెలైన్లు" అని రాశా. పొడుగే. ఇంతకంటే పొట్టిగా, ఇంతే సూటిగా ఉండే మాట ఎవరికైనా తడితే క్లబ్ గ్రూపులో పెట్టండి. డిసెంబరు ఆఖరికి ఫ్లెక్సీ ప్రింటింగుకి ఇవ్వాలి.