ఉబ్బసపు మందులు – ఇల్లాలి జాగ్రత్త



మాఘమాసము వచ్చినను వేకువజామున మంచు విడువలేదు. ఈ దినములలో ఏ యింటి ముంగిట నిలిచినను లోపలినుండి దగ్గు వినవచ్చుచుండును. వైద్యుడు మందు వ్రాసి యిచ్చును. దుకాణమువాడు పొట్లము కట్టి యిచ్చును. కాని దానిని వేళ తప్పక, కొలత తప్పక రోగిచేత పుచ్చుకొనజేయు భారము ఇల్లాలిదే. వైద్యుడు రోగిని చూచునది పది నిమిషములు. మనము చూచునది పగలును రాత్రియును. కావున దగ్గునకును, దీర్ఘకాలపు టాయాసమునకును వ్రాసి యిచ్చిన మందులను ఇంటిలో నెట్లు వాడవలయునో ఈ నెల ముచ్చటింతును. మొదట నావలన జరిగిన పొరపాటునే చెప్పెదను.

మా మామగారికి నలువదియేండ్లుగా బీడీల యలవాటు. దాని ఫలముగా శ్వాసనాళములు చెడి, నాలుగడుగులు వేసినచో రొప్పు వచ్చుచుండెడిది. వైద్యుడు పీల్చుమందుతోపాటు థియోఫిలిన్ అను మాత్రను రెండుపూటల వ్రాసెను. రెండేండ్లు అది ఆయనకు చక్కగా సరిపడెను. గడచిన కార్తికమాసమున నొకనాడు మా అమ్మాయి, "తాతయ్యా, నీదగ్గర పొగకంపు వచ్చుచున్నది" అని దూరముగా జరిగి కూర్చున్నది. ఆ మాట ఆయన మనస్సున నాటెను. ఆ సాయంకాలమే బీడీకట్టను పెంటపై పారవైచి, మరల ముట్టనని ఒట్టు పెట్టుకొనిరి. ఇంటిల్లపాదికి పండుగయే అయ్యెను.

వారము గడచునప్పటికి ఆయనకు అన్నము సహింపలేదు. కడుపులో త్రిప్పుట, వాంతులు, చేతుల వణకు, కంటికి కునుకు లేకుండుట ఒకదానివెంట నొకటి వచ్చెను. అలవాటు మానినందున కలిగిన నలత యని అందరమును అనుకొంటిమి. తొమ్మిదవనాటి రాత్రి ఆయన గుండె పట్టుకొని లేచి కూర్చుండిరి. అది ఆయాసమే యని భ్రమపడి, వేళ కాకున్నను నేను మాత్ర మరియొకటి యిచ్చితిని. తెల్లవారునప్పటికి నాడి లెక్కకు అందని వేగముతో కొట్టుకొనుచుండెను. పరుగుపరుగున ఆసుపత్రికి తీసికొనిపోతిమి.

వైద్యుడు మందుల చీటి చూచి, "అమ్మా, ఈమధ్య క్రొత్త మందేదైన వాడినారా?" యని యడిగెను. లేదంటిని. "బీడీలు త్రాగుచున్నారా?" యనెను. "మాని తొమ్మిది దినములైనది" అని నేను కొంత గర్వముగానే చెప్పితిని. ఆయన వెంటనే రక్తపరీక్ష చేయించెను. రక్తములో థియోఫిలిన్ మితిమీరి యున్నది.

కారణము విన్నప్పుడు నాకు మతి పోయెను. ఈ మందును శరీరమునుండి తొలగించునది కాలేయము. పొగలోని కొన్ని పదార్థములు కాలేయముచే ఆ పనిని త్వరత్వరగా చేయించును. కావున పొగత్రాగువానికి మాత్ర పెద్దకొలతలో నీయవలసి వచ్చును. పొగ మానిన కొన్ని దినములకే కాలేయపు త్వర తగ్గును. మాత్ర మాత్రము పాతకొలతయే. నిన్నటివరకు చాలినది నేడు అధికమగును. థియోఫిలిన్‌లో గుణమిచ్చు కొలతకును, కీడుచేయు కొలతకును నడుమ దూరము మిక్కిలి స్వల్పము. రక్తములో మిల్లీలీటరునకు 20 మైక్రోగ్రాములు దాటినచో వాంతులు, గుండెదడ సామాన్యము. ఇంకను హెచ్చినచో మూర్ఛయు, ప్రాణాపాయమును రావచ్చును. ఇది తేయాకునుండి 1888వ సంవత్సరమున జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెహ్ట్ కోసెల్ వేరుచేసిన పదార్థము. కాఫీలోని కెఫీనుకు దగ్గరి చుట్టము. మేము నీరసము పోవునని ఆయనకు మాటిమాటికి ఇచ్చిన కాఫీయు ఆ దడకు తోడైనదే.

మూడవనాటికి మామగారు తేరుకొనిరి. కాని మంచముపై పండుకొని, "బీడీ యున్నంతకాలము సుఖముగానే యుంటిని గదా! మానినందుకు గదా ఈ తిప్పలు!" అనిరి. నాకు రోగముకంటె ఆ మాటయే భయము గొలిపెను. వైద్యుడు ప్రక్కన గూర్చుండి, "పెద్దవారు మీరు చేసినది మంచిపనియే. తగ్గింపవలసినది మాత్రను, దానిని నేను తగ్గించెదను. బీడీని మరల పట్టినచో ఊపిరితిత్తులకు నేను చేయగలది లేదు" అని నచ్చజెప్పెను. నావైపు తిరిగి, "మానుటకు ముందు నాకొక్కమాట చెప్పియున్న బాగుండెడిదమ్మా" అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. వైద్యుడు మందు నిర్ణయించునది తనకు తెలిసిన మనిషికి. ఆ మనిషిలో మార్పు వచ్చినచో, ఆ వార్త ఆయనకు చేరవేయవలసినది మనమే.

ఇట్లు చెప్పవలసిన మార్పులలో ముఖ్యమైనది క్రొత్త మందు. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు థియోఫిలిన్‌ను రక్తములో పెంచును. నీటికాసుల జబ్బునకు కంటిలో వేయు టిమొలాల్ చుక్కలు సైతము ఉబ్బసరోగికి ఊపిరి బిగియజేయగలవు. కంటిమందునకును రొమ్మునకును ఏమి సంబంధమని యెవరు తలంతురు? కొందరు ఉబ్బసరోగులకు ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు పడవు. కావున ఒక చిన్న పుస్తకమున రోగి పుచ్చుకొను ప్రతి మందును, చుక్కలును, కషాయమును, లేహ్యమునుగూడ వ్రాసి, ఏ వైద్యునివద్దకు పోయినను దానిని ముందుంచుడు. పథ్యపానములు, పొగ మానుట, మరల పట్టుట దాపరికము లేక చెప్పుడు. నిదానముగా కరగుటకై చేసిన మాత్రలను నలుగగొట్టియో, నమలియో పుచ్చుకొనరాదు. దినమంతటి మందు ఒక్కమారే లోనికి పోవును. ఒక పూట మరచినచో మరుపూట రెండు వేయరాదు.

ఇక పీల్చుమందులు. ఇవి రెండు తెగలు. సాల్బ్యుటమాల్ వంటిది ఊపిరి బిగిసినప్పుడు వెంటనే సడలించునది. బ్యుడెసొనైడ్ వంటిది నాళములలోని వాపును దినదినము అణచునది. దాని గుణము వెంటనే కనబడదు. కనబడదు గావున మనవారు దానిని మానివేసి, మొదటిదానినే మాటిమాటికి పీల్తురు. మంట ఆర్పక పొగను విసరుకొనుట వంటిది ఈ పని. సుఖముగా నున్నను రెండవదానిని వైద్యుడు చెప్పినదాక మానరాదు. మొదటిదాని యవసరము హెచ్చుచున్నచో రోగము ముదురుచున్నదని గ్రహించి వైద్యునికి చూపవలయును. మందు పీల్చినపిదప పదియంకెలు లెక్కించునంతసేపు, లేదా ఓర్చుకొనగలిగినంతసేపు, ఊపిరి బిగబట్టవలయును. వాపు నణచు మందు పీల్చినపిమ్మట నోరు పుక్కిలించి ఉమ్మివేయనిచో నోటిలో తెల్లని పూత, గొంతు బొంగురు కలుగును. పిల్లలకును ముసలివారికిని స్పేసరు అను గొట్టము తగిలించి యిచ్చిన మందు లోనికి చక్కగా చేరును.

దగ్గుసీసానుగూర్చి యొకమాట. ఒకరికి వ్రాసినది మరియొకరికి పోయుట మన యిండ్లలో మర్యాదగా చెల్లుచున్నది. కొడీన్ కలిసిన దగ్గుమందు ఊపిరిని మందగింపజేయును. దీర్ఘశ్వాసరోగికిని, పసివానికిని అది ప్రమాదము. 2025వ సంవత్సరమున మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతమున ఒక దగ్గుసిరపు త్రాగిన పసివారు మూత్రపిండములు చెడి ఇరువదిమందికి పైగా మరణించిరి. అందు డైయెథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసియుండెను. ఆ విషమే 1937లో అమెరికాలో ఒక మందునీటిలో చేరి నూరుమందికి పైగా ప్రాణములు తీసెను. సీసాను చూచి ఆ విషమును మనము కనుగొనలేము. అనవసరముగా సీసా కొనకుండుట మాత్రము మనచేతిలో నున్నది. ఆ 2025వ సంవత్సరము అక్టోబరులోనే, రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు వ్రాయరాదనియు, అయిదేండ్లలోపువారికి సాధారణముగా వలదనియు కేంద్రప్రభుత్వపు ఆరోగ్యశాఖ సూచించెను. పసివారి దగ్గు చాలవరకు తనంతట తానే తగ్గును. ఏడాది నిండినవారికి పడుకొనుటకు ముందు కొంచెము తేనె నాకింపవచ్చును. ఏడాదిలోపువారికి తేనెయు కూడదు. వైద్యుడు వ్రాసి యిచ్చినప్పుడు సీసాతో వచ్చిన కొలగిన్నెతోనే పోయుడు. వంటింటి చెంచాలన్నియు ఒక్క కొలత కావు.

రోగి ఒక వాక్యము పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలివన్నె తిరిగినను, మగతగా నున్నను, పీల్చుమందునకు లొంగకున్నను, తెల్లవారనిమ్మని వేచియుండక 108నకు ఫోను చేయుడు. ఆసుపత్రికి పోవునప్పుడు మందుల సంచియు వెంట గొనిపోవుడు.

ఇప్పుడు మా మామగారు పూర్వముకంటె చిన్న మాత్ర పుచ్చుకొనుచు, వీధిచివరి రావిచెట్టుదాక నడిచి వచ్చుచున్నారు. మనుమరాలు ఆయన ప్రక్కనే కూర్చుండి ఎక్కములు అప్పజెప్పుచున్నది. మా వంటింటి గోడకు తగిలించిన పుస్తకములో మొదటి పుటను నేనే వ్రాసితిని: "కార్తికము – బీడీ మానిరి." ఆ యొక్క పంక్తి సకాలమున వైద్యునికి చేరియుండినచో మాకు ఆ రాత్రి తప్పియుండెడిది. మీ యింటి పుస్తకము నేడే మొదలిడుడు.